దోమ చందా

మా ఊళ్ళో అమ్మవారి సంబరానికి ఇంటికింత అని చందా వేస్తారు. కిందటేడు వేసవిలో దోమకి వేశారు. ఇంటికి కాదు, చెట్టుకి. చెట్టుకి అరవై రూపాయలు, మూడు విడతలు. అమ్మవారైతే చందా పుచ్చుకుని ఊరిని చల్లగా చూస్తుందన్న నమ్మకమైనా ఉంటుంది. ఈ చందా మా ఇంటిని ఏం చేసిందో చెబుతాను.

దోమంటే మనిషిని కుట్టేది కాదు. కొబ్బరాకు అడుగున సున్నం చిలకరించినట్టు పట్టే తెల్లదోమ. ఎక్కడో సముద్రాలవతలి దేశాల నుంచి మొక్కలతో పాటు వచ్చి, తమిళదేశంలో దిగి, ఊరూరూ తిరిగి మా కొబ్బరితోటల ఉద్దానం చేరిందట. చుట్టపుచూపుగా వచ్చింది కాదు, కాపురానికే వచ్చింది. ఆకు కింద కూర్చుని రసం పీలుస్తూ జిగురు కారుస్తుంది. ఆ జిగురు మీద మసి పడుతుంది. చెట్టు కింద వేసిన పసుపు, అరటి, అరుగు మీది కుర్చీ, దండెం మీది చీర, అన్నీ నలుపే. నేను టెక్కలిలో పుట్టి పెరిగినదాన్ని. పెళ్ళినాడు ఈ ఊరి పచ్చదనం చూసి మా అమ్మ మురిసిపోయింది. కిందటేడు వచ్చి, మీ ఊరికి ఎవరైనా తారు పూశారా అని అడిగింది. నాకు నవ్వు రాలేదు.

మాది మందసకీ సముద్రానికీ మధ్య ఊరు. మా మావయ్య జనార్దనరావుకి ఎనభై నాలుగు కొబ్బరిచెట్లు. తిత్లీ తుపానుకి పడిపోగా మిగిలినవీ, ఆ తర్వాత వేసి పెంచుకున్నవీ కలిపి అంతే. మా ఆయన వెంకటేష్ పారాదీప్‌లో వెల్డింగు పనికి పోతాడు. ఆయన పంపేది ఇంటి ఖర్చుకీ పిల్ల చదువుకీ సరి. అత్త సూరమ్మకి కిడ్నీలు పోయి రెండేళ్ళయింది. మంగళవారం, శుక్రవారం పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. డయాలసిస్‌కి డబ్బు పడదు. ఆటోకి పడుతుంది, మందులకి పడుతుంది. అది కొబ్బరికాయల మీద రావాలి. ఇంకా విడమరిచి చెప్పాలంటే, చెట్లు కాస్తేనే అత్త పలాస వెళ్తుంది.

అత్తకి ఆ లెక్క నాకంటే బాగా తెలుసు. అందుకే ఆటో ఎక్కే ప్రతిసారీ ఓ గొడవ.

"నా నెత్తురు కడగడానికి తోటంతా కరగబెడతారేటి? ఒగ్గేయండి. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళుంటాను" అనేది.

మావయ్య ఆవిడ చెప్పులు తీసుకెళ్ళి ఆటోలో పెట్టేసేవాడు. చెప్పుల వెనక ఆవిడా వెళ్ళక తప్పేది కాదు.

దోమ వచ్చిన మొదటి రెండేళ్ళూ ఎవరేం చెబితే అది చేశాం. సబ్బునీళ్ళు కొట్టమంటే కొట్టాం. అవి కొట్టే యంత్రం అద్దె రోజుకి పదిహేను వందలు, దాని వెనక ఇద్దరు మనుషులు. వేపనూనె అంటే వేపనూనె. పసుపుపచ్చ అట్టలకి ఆముదం రాసి చెట్టుకి కడితే దోమ అతుక్కుంటుందన్నారు, కట్టాం. దోమ కొంత అతుక్కుంది, నా చెవి దిద్దులు మాత్రం బ్యాంకులో పూర్తిగా అతుక్కుపోయాయి. కాయ ధర ఎన్నడూ లేనంత పలికిన ఏడాది మా కాయలు నిమ్మకాయలకి అన్నదమ్ముల్లా దిగాయి.

చందా వేయడానికి ముందు వచ్చిన కార్తీకంలో ఉద్యానశాఖ అమ్మాయి దీప్తి మా ఇంటికి వచ్చింది. ఊరి సచివాలయంలో ఉద్యోగం, వయసు పాతికలోపు. బూట్ల అట్టపెట్టె నిండా కొబ్బరాకు ముక్కలు తెచ్చింది. వాటి అడుగున ఆవాల కంటే చిన్నగా నల్లటి గింజలు అంటుకుని ఉన్నాయి. ఈ తెల్లదోమకి పుట్టినచోట ఓ శత్రువు ఉందట, కంటికి ఆనని కందిరీగ. అది దోమ పిల్లలో గుడ్డు పెడుతుంది, లోపల పురుగు పెరిగేకొద్దీ దోమ పిల్ల నల్లబడి చచ్చిపోతుంది, దానికి చిల్లి పొడుచుకుని కందిరీగ బయటికొస్తుంది. ఈ ముక్కల్ని మన ఆకులకి గుచ్చి వదిలేస్తే చాలు, మందు మాత్రం చుక్క కొట్టకూడదు, నాలుగైదు నెలలు ఓపిక పట్టాలి అని చెప్పింది. ఊళ్ళో పదిమందికి చెప్పానండి, ఎవరూ పెట్టె తీసుకోలేదు అంది. మావయ్య పెట్టె తీసుకున్నాడు.

కంచిలి వెళ్ళి స్కూలు పిల్లలు వాడే స్టేప్లరు కొనుక్కొచ్చాడు. నిచ్చెన వేసుకుని, అందిన ప్రతి మట్టకీ ఓ ముక్క గుచ్చాడు. అరవై నాలుగేళ్ళ మనిషి నిచ్చెన మీద స్టేప్లరు పట్టుకుని నిలబడితే దారినపోయేవాళ్ళు నవ్వారు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను.

శివరాత్రి వెళ్ళాక ఓ ఉదయం నన్ను పిలిచి భూతద్దం చేతికిచ్చాడు. మట్ట తిప్పి చూశాను. తెల్లటి వాటి మధ్య సగానికి సగం నల్లగా ఉన్నాయి. ఒక్కోదానికి గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లి.

"అవన్నీ ఎగిరిపోనాయమ్మా. మన సెట్లమీదే తిరుగుతున్నాయి. వొచ్చే దసరాకి ఊరందరికీ ఆకు ముక్కలు మన తోటలోంచే ఇవ్వొచ్చు" అన్నాడు.

ఆయన ముఖం అంత వెలుగ్గా ఉండడం అత్తకి జబ్బు తెలిసిన తర్వాత నేను చూడలేదు. ఆ వారం కొత్తగా విచ్చిన మొవ్వుల మీద మసి లేదు. ఈ తోటకి మళ్ళీ రోజులొస్తున్నాయని నాకూ నమ్మకం కుదిరింది.

ఊరి మీటింగు ఆ వారంలోనే పెట్టారు. పెట్టినవాడు పోలారావు. సంబరం కమిటీ పెద్ద, మూడొందల చెట్ల ఆసామి, మా మావయ్యని బావా అని పిలిచే మనిషి. దుర్మార్గుడని చెప్పలేను. తుపానప్పుడు ఊరందరికీ వారం రోజులు గంజి పోయించాడు. డ్రోన్ కంపెనీ వాళ్ళతో మాట్లాడి ధర తగ్గించింది కూడా ఆయనే. ఊరంతా ఒకేసారి ఘాటైన మందు కొడితేనే దోమ పోతుందని, ఒక్క తోట మిగిలినా గ్యారంటీ లేదని కంపెనీ కుర్రాడు చెప్పాడు. దాంతో చందా వేశారు. సంబరంలో ఎలాగో ఇక్కడా అలాగే, ఇల్లు తప్పడానికి వీల్లేదు.

మావయ్య లేచి నెమ్మదిగా చెప్పాడు. దోమ ఆకు అడుగున ఉంటుంది, డ్రోను ఆకు మీద కొడుతుంది, చచ్చేది దోమ కాదు దాన్ని తినే పురుగు అని. చందా మాత్రం ఎనభై నాలుగు చెట్లకీ కట్టేస్తాను, నా చెట్ల మీద మాత్రం మందు పడనివ్వకండి అన్నాడు. డబ్బిచ్చి మందొద్దంటాడేమిటని జనం ముఖాలు చూసుకున్నారు.

అప్పుడొకాయన మా తోటలోంచి కోసుకొచ్చిన మట్ట తిరగేసి పట్టుకున్నాడు.

"సూడండి. అందరి తోటలోనూ తెల్లగుంటే ఈయన తోటలో దోమ ముదిరి నల్లబడిపోనాది. ఇవి పొదిగితే ఊరు మిగలదు."

మా ఊళ్ళో నల్లబడిందంటే కుళ్ళిందనే. జీడిపూత నల్లబడితే తెగులు, కొబ్బరిపిందె నల్లబడితే తెగులు, రెండేళ్ళుగా కళ్ళ ముందున్న మసీ తెగులే. ఈ ఒక్క నలుపు మంచిదంటే ఎవరు నమ్ముతారు? మావయ్య జేబులోంచి భూతద్దం తీసి అందరికీ చూపించబోయాడు. ఒక్క ముసలాయన కన్ను పెట్టి, ఏమీ కనిపించడం లేదని వెనక్కిచ్చేశాడు.

ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఎవరో వెనక నుంచి అన్నారు. అంతే, మా ఇంటికి కట్టుబాటు పడింది. కాగితం మీద రాయరు, చాటింపు వేయరు. ఊరి మాట కాదన్న ఇంటికి పనికి వెళ్ళకూడదు, బండి కట్టకూడదు, పిలుపుకి రాకూడదు. ఒప్పుకున్న రోజున ఎత్తేస్తారు.

ఇంటికొచ్చి మావయ్య మీద లేచాను. నేను నోరు లేనిదాన్ని కాదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు, ఊరి తోటలు ఏమైతే మనకేం, మనమూ కొట్టించుకుంటే పోలేదా అన్నాను. కొట్టిస్తే మన చెట్లు కూడా పోతాయమ్మా అని ఒక్క మాటే అన్నాడు. పారాదీప్ నుంచి మా ఆయన, ఊరితో పెట్టుకోవద్దని నాన్నకి చెప్పు అన్నాడు. మీ నాన్నకి మీరే చెప్పుకోండి అని ఫోను పెట్టేశాను.

కాయ దింపేవాళ్ళు రాలేదు. ముదిరిన కాయలు వాటంతట అవే రాలుతుంటే ఏరి కుప్ప పోసుకున్నాం, కొనడానికి షావుకారు రాలేదు. ఇవన్నీ ఓర్చుకోగలం. రెండేళ్ళుగా అత్తని పలాస తీసుకెళ్తున్న ఆటో ఢిల్లీరావుది. సోమవారం సాయంత్రం వచ్చి గేటు బయటే నిలబడ్డాడు.

"నా తోట కూడా లిస్టులో ఉంది వొదినా. ఊరి మాట తప్పితే రేపు నా బండి ఎవులెక్కుతారు?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేకపోయాడు.

మందస నుంచి వేరే ఆటో మాట్లాడాం. రెట్టింపు కన్నా ఎక్కువ అడిగాడు. రెండు వారాలు అలా గడిచాయి. మూడో వారం ఊరి మొదట్లో ఆ అబ్బాయిని ఆపి ఎవరో ఏదో చెప్పారు. ఆ మంగళవారం అతను రాలేదు, ఫోను ఎత్తలేదు. అత్త మాత్రం సంతోషించింది. ఒక వాయిదా తప్పితే చచ్చిపోతానా అంది. బుధవారానికి పాదాలు ఉబ్బాయి. గురువారానికి ముఖం. పడుకుంటే ఊపిరి ఆడక గోడకి దిండు పెట్టుకుని కూర్చునే ఉంది. అప్పటికి ఊళ్ళో సగం తోటలకి మొదటి విడత కొట్టేశారు. మా చుట్టుపక్కలవే మిగిలాయి.

శుక్రవారం మొదటి బస్సుకి మావయ్య పలాస బయలుదేరాడు. దీప్తి వాళ్ళ ఆఫీసర్‌తో మాట్లాడింది, ఈ తోట పరీక్షల కోసం ఎంచుకున్నది, మందు కొట్టరాదని పొద్దున్నే ఇంటి దగ్గరే లెటరు ఇస్తామన్నారు. అది పట్టుకుని, పలాసలోనే కారు మాట్లాడుకుని పదిగంటలకల్లా వస్తానన్నాడు. ఆస్పత్రివాళ్ళ దగ్గరున్నది ఆయన నంబరే.

"ఫోను నీకాడుంచు. ఆస్పత్రోళ్ళు సేత్తే ఒంటిగంటకైనా తెచ్చేత్తామని సెప్పు" అని నా చేతికిచ్చి వెళ్ళాడు.

ఎనిమిదింటికి అత్త మాట తడబడింది. నన్ను పట్టుకుని వాళ్ళక్క పేరుతో పిలిచింది. అంబులెన్సుకి ఫోను చేశాను. వేరే కేసు మీద ఉంది, గంటన్నర పడుతుందన్నారు. ఇరుగు పొరుగుల తలుపులు మూసి ఉన్నాయి. వాళ్ళకీ చెవులున్నాయి, నేను అరవడం వినిపించే ఉంటుంది. ఈ మాట ఇప్పటికీ వాళ్ళతో అనలేదు, వాళ్ళ పెళ్ళిళ్ళకి వెళ్ళి భోజనాలు చేసి వస్తున్నాను.

అప్పుడు పోలారావు వచ్చాడు. వెనక డ్రోన్ కుర్రాడు ట్యాబ్ పట్టుకుని ఉన్నాడు. గేటు అవతల రోడ్డు మీద ఢిల్లీరావు ఆటో, ఇంజను ఆపకుండా.

పోలారావు లోపలికి తొంగి అత్తని చూశాడు. ఆయన ముఖం కూడా పాలిపోయింది. అత్త ఆయనకి అక్క వరస, అప్పా అని పిలుస్తాడు.

"అమ్మాయ్, మా అప్పని బేగి ఎక్కించు. బండి తెచ్చినాను" అన్నాడు. ఆగి, "మీ మావయ్య ఫోనుకి నంబరు వొత్తాది. అది సెప్పీ. ఊరికి నేను జవాబు సెప్పుకోవాల" అన్నాడు.

డ్రోను ఏ తోట మీదకి వెళ్ళాలన్నా ఆ రైతు ఫోనుకి ఓటీపీ వస్తుంది, అది చెబితేనే కంపెనీ వాళ్ళ లెక్కలో తోట ఎక్కుతుంది. ఫోను నా చేతిలోనే మోగింది. ఆరంకెలు. మావయ్య రావడానికి ఇంకా రెండు గంటలు. చదివి చెప్పాను. కుర్రాడికి సరిగ్గా వినబడలేదు, రెండోసారి కూడా చెప్పాను.

పోలారావూ ఢిల్లీరావూ చెరో పక్కా పట్టి అత్తని ఆటోలో కూర్చోబెట్టారు. ఊరి మలుపు తిరుగుతుంటే తోట వైపు నుంచి డ్రోను చప్పుడు వినిపించింది. నేను వెనక్కి చూడలేదు. ఢిల్లీరావు కిరాయి ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి మావయ్య అరుగు మీద ఉన్నాడు. పక్కన లెటరు, మడత కూడా పడకుండా. పదికి పదినిమిషాల ముందే కారుతో వచ్చాడట. కారుకి రానూ పోనూ డబ్బిచ్చి పంపేశాడు. లేచి వచ్చి అత్త చెయ్యి పట్టుకుని దింపాడు.

"ఎంత నీరు తీసినారు?" అని అడిగాడు.

"మూడున్నర కేజీలు మావయ్యా. ఇంకో పూట ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు."

ఊఁ అన్నాడు. తోట గురించి అడుగుతాడని చూశాను. అడగలేదు. అడక్కపోయినా నేనే, "వాళ్ళే ఎలాగో చేసేసుకున్నారు మావయ్యా, నేను అత్తతో వెళ్ళిపోయాను, నాకేమీ తెలీదు" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. ఆయన తిడతాడని కాదు. రెండు గంటలు ఓపిక పట్టలేకపోయావా అని ఆయన మనసులోనైనా అనుకుంటాడేమోనని భయం వేసింది.

"అలాగా" అన్నాడు. లెటరు పెట్టెలో పెట్టేశాడు.

ఆ తర్వాత పదిహేను రోజులు పొద్దున్నే భూతద్దం పట్టుకుని తోటలో తిరిగాడు. మట్టలు ఒక్కొక్కటే వంచి చూసేవాడు. కొత్తగా నల్లబడినవి ఉన్నాయి, వాటికి చిల్లులు లేవు. లోపలివి లోపలే చచ్చాయి. రెండో విడత కొట్టడానికి వచ్చినప్పుడు ఆయనే గేటు తీశాడు. ఇంకేముంది కాపాడుకోవడానికి, కొట్టుకోనీ అన్నాడు. కట్టుబాటు ఎత్తేశారు కాబట్టి కాయ దింపేవాళ్ళు వచ్చారు, షావుకారు వచ్చాడు, వీధిలో ఆడవాళ్ళు మళ్ళీ పలకరించారు. చందా కూడా కట్టేశాం, రెండు విడతలకీ.

వైశాఖం దాటకుండానే దోమ తిరిగొచ్చింది. ఈసారి వచ్చినట్టు ఎప్పుడూ రాలేదు. సాయంత్రం తోటలోకి వెళ్తే ముక్కులోకి పోయేది. మందు కొట్టని పక్క ఊళ్ళో మామూలుగా ఉంది, కొట్టిన మా ఊళ్ళో రెట్టింపయింది. మా తోటా అందరి తోటల్లాగే అయింది. మొవ్వుల దాకా మసి. పిందెలు చింతగింజల్లా రాలిపోతుంటే అత్త మంచం మీంచి ఆ చప్పుడు లెక్కపెట్టేది. మూడో విడత కొట్టకుండానే డ్రోన్ కంపెనీ కుర్రాడి నంబరు పనిచేయడం మానేసింది.

జ్యేష్ఠంలో మళ్ళీ మీటింగు పెట్టారు. ఈసారి దీప్తితో పాటు వాళ్ళ పైఆఫీసర్ వచ్చాడు. ఆడవాళ్ళం ఓ పక్క నిలబడ్డాం. ఆఫీసర్ గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. మందు చుక్క కొట్టొద్దు, ఈ దోమని తినే కందిరీగ ఉంది, నల్లటి గింజలున్న ఆకు ముక్కలు తెచ్చి గుచ్చుకోవాలి అన్నాడు. మూడు నెలల కిందట మావయ్య చెబితే నమ్మని వాళ్ళంతా తల ఊపారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు చూశాను. ముక్కలు గోదావరి జిల్లా నుంచి తేవాలి, ముక్కలు ఉచితమే కానీ బండి ఖర్చు, మనుషుల ఖర్చు ఊరు పెట్టుకోవాలి, చెట్టుకి పాతిక పడొచ్చన్నాడు. మళ్ళీ చందా.

"అంత దూరమెందుకు సార్? కార్తీకంలో ఈ ఊళ్ళోనే ఇచ్చాం కదా" అని దీప్తి అనేసింది. అని నాలుక కరుచుకుంది.

ఆఫీసర్‌కి మావయ్య తోట సంగతి గుర్తొచ్చింది. ఆయన ఎక్కడ అని అడిగాడు. మావయ్య లేచి నిలబడ్డాడు.

"నేను లెటరు కూడా ఇచ్చాను కదయ్యా. ఆ తోట ఉంటే ఈ మండలం మొత్తానికి ముక్కలు అక్కడి నుంచే ఇచ్చేవాళ్ళం. ఎవరు కొట్టించారు?" అన్నాడు ఆఫీసర్.

పోలారావు తల ఎత్తి నా వైపు చూశాడు. చెప్పేస్తాడనుకున్నాను. ఆయన నోరు తెరిచాడు కూడా.

"నానే" అన్నాడు మావయ్య. "నంబరు నానే సెప్పినాను బాబూ. అందరూ కొట్టించుకుంటన్నారని తొందర పడ్డాను."

హాల్లో ఎవరో నవ్వారు. ఊరందరికీ నీతులు చెప్పి చివరికి తనే కొట్టించుకున్నాడా అని ఒకరన్నారు. ఆఫీసర్ చిరాకుపడ్డాడు. మీలాంటి వాళ్ళని నమ్మి పరీక్షలు పెట్టడం మాదే పొరపాటని అందరి ముందూ అన్నాడు. దీప్తి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోలారావు తల దించుకుని చందా పుస్తకం తెరిచాడు. మావయ్య వెళ్ళి ఎనభై నాలుగు చెట్లకీ తన వంతు రాయించాడు. ఆయన ఒక అట్టపెట్టెలో ఉచితంగా పుచ్చుకుని పెంచుకున్నదాన్ని, మళ్ళీ కొనుక్కోవడానికి.

నేను నోరు విప్పలేదు. వీధి కుళాయి దగ్గర నలుగురిని నిలబెట్టి కడిగే నోరు ఇది. ఆ రోజు రాలేదు.

ఇంటిదారిలో ఆయన ముందు, నేను వెనక. ఊరి చివర చింత దాటాక, మావయ్యా అన్నాను. ఆగాడు.

"ఆ రోజే తెలుసమ్మా. ఫోన్లో ఆ నంబరు ఉంది కదా" అన్నాడు. నేనేదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు సేసింది తప్పు కాదు. నానున్నా అదే సేద్దును. మీ అత్తకి మాత్రం తెలీనీకు. తన కోసమే తోట పోనాదని తెలిత్తే మరింక ఆటో ఎక్కదు."

గుమ్మంలో అడుగుపెట్టగానే అత్త మంచం మీంచి అడిగింది, మీటింగులో ఏమన్నారని. మందు కొట్టొద్దన్నారు అని చెప్పాను.

"మీ మావయ్య ముందునుంచీ అదే కదా అన్నాడు? మరి మన తోటకి ఎవులు కొట్టించినారు?"

మావయ్య చెప్పులు విప్పుతూ, నానే అన్నాడు.

అత్త ఆయన్ని ఆ సాయంత్రం తిట్టిన తిట్లు నా పెళ్ళయిన పన్నెండేళ్ళలో వినలేదు. బిడ్డల్లా పెంచిన చెట్లని నీ చేత్తో చంపావు, ఊరికి జడిసిన పిరికివాడివి, నీ ముఖం చూడనంది. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి ఆవిడ మంచం పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. అన్నం వడ్డించింది నేనే.

అత్త ఇప్పటికీ తిడుతూనే ఉంది. మంగళవారం, శుక్రవారం ఆటో దాకా తిట్టుకుంటూ నడుస్తుంది, తిడుతూనే ఎక్కుతుంది. మొన్న నేను తట్టుకోలేక, ఇక చెప్పేస్తాను మావయ్యా అన్నాను.

"తిట్టనీ అమ్మా" అన్నాడు. "ఎక్కుతాంది కదా."